బండి ఎడమకి, మనిషి కుడికి

వీరవేణి సంచి సర్దుతోంది. రెండు లుంగీలు, ఒక తువ్వాలు, బీపీ మాత్రలు, చింతకాయ పచ్చడి సీసా. సీసా మూత ఊడి బట్టలు పాడవకుండా దానికో ప్లాస్టిక్ కవరు, ఆ కవరు జారకుండా రబ్బరు బ్యాండు. అంతా సర్ది జిప్పు లాగి, మళ్లీ విప్పి, పైన ఒక దుప్పటి కూడా కుక్కింది.

"పొద్దుటెళ్లి సాయంత్రానికొచ్చేవాడికి దుప్పటెందుకే?" అన్నాడు త్రిమూర్తులు, గుమ్మంలో కూర్చుని చెప్పులు దులుపుకుంటూ.

"సాయంత్రానికొచ్చేవాళ్లు సంచి పట్టుకెళ్లకూడదని మీ ఆఫీసులో రూలేవన్నా ఉందా?"

"ఇంకా లేదు. పరాంకుశరావుగారి చెవిన పడిందంటే రేపటికొచ్చేస్తాది."

వీరవేణి నవ్వలేదు. ఆవిడ తండ్రి ఒకనాడు ధాన్యం పడవ ఎక్కుతూ, ఎంతసేపులే అని ఉత్తచేతులతో వెళ్లాడు. రాలేదు. అన్న సినిమాకని చేతులూపుకుంటూ వెళ్లాడు. అతనూ రాలేదు. సంచి పట్టుకుని వెళ్లినవాళ్లు మాత్రం, ఆవిడ ఎరిగినంతలో, అందరూ తిరిగొచ్చారు. అంచేత త్రిమూర్తులు వీధి మొగలో బీడీకట్టకి వెళ్లినా చేతిలో సంచి ఉండాల్సిందే. అందులో మార్చుకునే చొక్కా ఉండాల్సిందే. కొట్టువాడు మొదట్లో, "ఏ ఊరికండీ ప్రయాణం?" అని అడిగేవాడు. తర్వాత అడగడం మానేశాడు.

ఈవేళ ప్రయాణం పట్నానికి. ఆఫీసు పికప్ బండిని వర్క్‌షాపుకి తీసుకెళ్లి, చక్రాలు తిన్నగా పెట్టించుకుని రావాలి. ఇందులో వింతేమీ లేదు. బండిని పట్నం దాకా వెనక్కి నడుపుకుంటూ వెళ్లాలి. వింతంతా అందులో ఉంది.

త్రిమూర్తులు కాలువగట్ల సంరక్షణ ఉపమండలిలో డ్రైవరు. గట్టు తెగకుండా చూడటం ఆ ఆఫీసు పని. తెగితే ఇసుక బస్తాలు వేయించాలి. తెగిందో లేదో చూసి రావడానికీ, బస్తాలు మోయడానికీ కలిపి ఒకటే పికప్. ఊళ్లోంచి పట్నానికి ఉన్నదీ ఒకటే రోడ్డు, అది కాలువగట్టు మీదే. వెళ్లేటప్పుడు ఎడమ చేతివైపు కాలువ, కుడి చేతివైపు వరిచేలు. వచ్చేటప్పుడు చేలు ఎడమకీ, కాలువ కుడికీ వస్తాయి. ఈ సంగతి చంటిపిల్లలకి కూడా తెలుసు. ఉపమండలికి తెలియడానికి ఒక కమిటీ పట్టింది.

ఓ వానాకాలం తూము దగ్గర గోతిలో ముందుచక్రం దిగబడి పైకొచ్చింది. ఆనాటినుంచి బండి ఎడమకి లాగడం మొదలుపెట్టింది. స్టీరింగు తిన్నగా పట్టుకుంటే బండి మెల్లిగా కాలువకేసి నడిచేది. తిన్నగా పోవాలంటే స్టీరింగుని కాస్త కుడికి బిగబట్టి ఉంచాలి. త్రిమూర్తులు చూడాల్సినవన్నీ చూశాడు. రెండు టైర్లలోనూ గాలి సమానంగానే ఉంది. బ్రేకు పట్టేస్తోందేమోనని కొంతదూరం నడిపి చక్రాల మీద చెయ్యి వేసి చూశాడు, రెండూ ఒకేలా ఉన్నాయి, ఏదీ కాలిపోవడం లేదు. ఎడమ టైరు మాత్రం లోపలి అంచున నున్నగా అరిగిపోతోంది. లాకుల దగ్గర పంచర్లు వేసేవాడు కూడా వంగి చూసి, "ఎలైన్‌మెంటు పోయిందండీ. పట్నంలో మిషను మీదెక్కిస్తే ఓ పూట పని," అన్నాడు.

ఓ పూట పని గనక త్రిమూర్తులు అర్జీ పెట్టుకున్నాడు.

ఉపమండలాధికారి పరాంకుశరావుగారు అర్జీ చదివి కళ్లజోడు తీశారు. ఆయన ఏదన్నా గంభీరంగా చెప్పబోయేముందు కళ్లజోడు తీస్తారు. కళ్లజోడు లేకపోతే ఆయనకి ఎదుటి మనిషి కనపడడు, దాంతో మాట ధారాళంగా వస్తుంది.

"వాహనము ఎడమవైపునకు లాగుచున్నదని నీ ఆరోపణ," అన్నారు.

"ఆరోపణేంటండీ, లాగుతాందండీ."

"నిరూపించబడువరకు ఆరోపణే. ప్రభుత్వ వాహనము మీద ఆరోపణ చేయుట చిన్న విషయము కాదు. కమిటీ ఎదుట నిరూపించాలి."

కమిటీ బండెక్కింది. గట్టు రోడ్డు తిన్నగా ఉన్నచోట త్రిమూర్తులు, "చూడండి బాబూ," అని స్టీరింగు వదిలేశాడు. బండి కాలువకేసి తిరిగింది. కమిటీ మొత్తం ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుంది. నీళ్ల అంచుకి వెళ్లేలోగా త్రిమూర్తులు స్టీరింగు అందుకుని బండిని రోడ్డెక్కించాడు.

మర్నాడు అతనికి మెమో వచ్చింది. విధి నిర్వహణలో ఉండగా స్టీరింగును విడిచిపెట్టి, కమిటీ సభ్యుల ప్రాణములకు ముప్పు తెచ్చినందుకు సంజాయిషీ ఇవ్వమనీ, ఇకమీదట ఏ పరిస్థితిలోనూ స్టీరింగు మీదనుంచి చేయి తీయరాదనీ, తీసినచో పింఛను నిలిపివేయబడుననీ అందులో ఉంది. ఆ సాయంత్రమే రెండో పరీక్ష పెట్టారు. ఈసారి త్రిమూర్తులు రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని నడిపాడు. బండి తిన్నగా వెళ్లింది.

"ఆరోపణ నిరూపణ కాలేదు," అన్నారు పరాంకుశరావుగారు.

ఆ మెమో ఇంటికి తెస్తే వీరవేణి చదివింది. బజ్జీల పొట్లాల మీద అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్న మనిషికి ఏ కాగితమూ విసుగనిపించదు. ఆఫీసునుంచి మొగుడు తెచ్చిన ప్రతి కాగితాన్నీ మొదటి అక్షరం నుంచి కింద సంతకం దాకా చదివేది. ఆఫీసులో ఎవరూ అలా చదివేవారు కాదు.

"చెయ్యి తీస్తే పింఛనుండదంట," అంది.

"తియ్యనులే."

"తియ్యకపోతే బండి బాగవదుగా?"

"అదీ అంతే."

పోనీ లాగుతున్నది చక్రమా, టైరా అని తేల్చుకోవడానికి ఇంకో దారి ఉంది. ముందు టైర్లు రెండూ అటుదిటు, ఇటుదటు మార్చి చూడాలి. బండి కుడికి లాగితే తప్పు టైరుది. ఇంకా ఎడమకే లాగితే ఎలైన్‌మెంటుది. అరగంట పని. త్రిమూర్తులు వెళ్లి సూపరింటెండెంటు కనకవల్లిగారిని అడిగాడు.

కనకవల్లిగారు చేస్తున్న పని ఆపి, జాలిగా చూశారు. "బదిలీల మీద నిషేధం ఉంది కదయ్యా."

"మనుషులకి కదండీ అది? ఇవి టైర్లండి."

"ఎడమ టైరుకి ఎడమ పక్కే పోస్టింగు ఇచ్చాం. దాన్ని కుడికి వెయ్యాలంటే బదిలీ కాదా? నువ్వే చెప్పు."

"ఎవరికీ తెలవకుండా నేనే మార్చేస్తానండి."

"అనధికార బదిలీ. ఇద్దరి జీతాలూ ఆగిపోతాయి," అన్నారావిడ. టైర్లకి జీతాలు లేవన్న సంగతి ఆ క్షణానికి ఇద్దరికీ తట్టలేదు. తర్వాత ఆవిడకే మనసు కరిగింది. "పరస్పర బదిలీకైతే నిషేధం వర్తించదు. ఇద్దరూ ఇష్టపడి దరఖాస్తు పెట్టుకోవాలి."

త్రిమూర్తులు టైర్లకి సిరా పూసి, తెల్లకాగితాల మీద దొర్లించి, రెండు దరఖాస్తులు పెట్టాడు. కుడి టైరు ముద్ర దివ్యంగా పడింది. ఎడమ టైరు లోపలి అంచు అరిగిపోయింది కాబట్టి సగమే పడింది. దరఖాస్తుదారు ముద్ర స్పష్టంగా లేదనీ, పైపెచ్చు సదరు టైరు ప్రస్తుత స్థానంలో కనీస సర్వీసు పూర్తి చేయలేదనీ రెండూ తిరగ్గొట్టారు. కుడి టైరు అప్పీలుకి వెళ్లవచ్చని కింద రాశారు. అది వెళ్లలేదు.

అలా ఏళ్లు గడిచాయి. బండి ఎడమకి లాగుతూనే ఉంది, త్రిమూర్తులు కుడికి బిగబడుతూనే ఉన్నాడు. పోనుపోను అతని చెయ్యి స్టీరింగు మీద లేనప్పుడు కూడా కుడికే పోవడం మొదలైంది. గ్లాసుతో మంచినీళ్లు ఇస్తే కుడి భుజం మీద సగం ఒలికేవి. రాత్రి కప్పుకున్న దుప్పటి పొద్దుటికి అతని కుడి పక్కన కుప్పగా ఉండేది. గోడకి మేకు కొట్టమంటే తలుపు చెక్కకి కొట్టాడు. వీధిలో వీరవేణి పక్కన నడుస్తూ నడుస్తూ ఆవిణ్ణి మురిక్కాలవ దాకా తోసుకుపోయేవాడు.

"రోడ్డంతా నీదేనేంటయ్యా? జరుగు."

"నేను తిన్నగానే నడుస్తన్నాను. నువ్వే అడ్డొస్తన్నావు."

"తిన్నగా నడిస్తే మీద పడతావేంటి? ఇటు రా, ఈ పక్కన నడువు." ఆ రోజునుంచి ఆవిడ అతని ఎడమ పక్కకి మారిపోయింది. అప్పుడు అతను ఆవిణ్ణి వదిలేసి దూరం జరిగిపోయేవాడు. ఇది మరీ భయమనిపించి, చొక్కా అంచు పట్టుకుని నడిచేది.

ఈ సంగతి పరాంకుశరావుగారి కంట పడింది. ఒక ఉదయం త్రిమూర్తులు గేటు దగ్గర బయల్దేరి ఆయన గదికి రాబోయి, రాబోయి, కుడి పక్కనున్న క్రోటన్ల కుండీల మీద పడ్డాడు. ఆయన కళ్లజోడు తీశారు. మళ్లీ పెట్టుకున్నారు. అంత పెద్ద ఆలోచన ఆయనకి అదివరకెప్పుడూ రాలేదు.

త్రిమూర్తుల్ని మెడికల్ బోర్డుకి పంపారు. డాక్టరుగారు అతని కళ్లకి గంతలు కట్టి వరండాలో నడిపించారు, నేలమీద సుద్దతో గీతలు గీశారు, భుజం నొక్కి చూశారు. "మనిషి కుడికి లాగుతున్నాడు. ఖాయం," అని రాశారు. తర్వాత కమిటీ కూర్చుంది. వాహనము ఎడమకు లాగునని డ్రైవరు చెప్పుచున్నాడు. డ్రైవరు కుడికి లాగునని వైద్యులు చెప్పుచున్నారు. రెండును కలిపి చూడగా ఫలితము శూన్యము. కావున లోపము లేదు. వాహనమును, డ్రైవరును ఇకపై ఒకే యూనిట్టుగా పరిగణించవలెను.

వీరవేణి ఆ ఉత్తర్వు వెలుతురులోకి పట్టుకెళ్లి మరీ చదివింది. ఆ బండిని ఇతరులెవ్వరూ నడపరాదు. డ్రైవరు సెలవు పెట్టరాదు. కుడి భుజమునకు నూనెతో మర్దనా చేయించుకొనుట, కాపడము పెట్టించుకొనుట మొదలగు పనుల వలన యూనిట్టు సమతౌల్యము చెడగొట్టరాదు. సదరు లాగుడును ప్రభుత్వ ఆస్తిగా గుర్తించడమైనది.

"నిన్ను సామాన్ల పట్టీలో ఎక్కించారు," అంది వీరవేణి. "జాకీ కింద రాశారు."

"కింద కాదే. జాకీ తర్వాత."

"స్పానర్లకన్నా ముందేలే," అని ఆవిడ కాగితం మడిచింది. ఆ రాత్రి భుజానికి నూనె రాయబోయి, రాస్తే ఏమవుతుందో అని ఆగిపోయింది.

ఉపమండలి చేసిన ఈ పని చుట్టుపక్కల ఉపమండళ్లన్నిటికీ తెగ నచ్చింది. బండ్లు బాగుచేయించడమంత దండగ పని లేదని తేలిపోయింది. ఎక్కడెక్కడి అధికారులో వచ్చి, త్రిమూర్తుల్ని బండి పక్కన నిలబెట్టి ఫొటోలు తీసుకున్నారు. ఒక చోట కుడికి లాగే జీపుకి ఎడమచేతివాటం డ్రైవరు కావలెనని ప్రకటన వేశారు. ఇంకోచోట హారను పనిచేయని బండికి బొంగురుగొంతు మనిషిని వెతికి పెట్టుకున్నారు. బ్రేకులు పడని లారీ ఒకటుంటే, దానికి పరమ బద్ధకస్తుణ్ణి నియమించారు. అతను లారీని కదపనే లేదు. ఆ యూనిట్టుకి భద్రతా బహుమతి వచ్చింది.

అంతా సవ్యంగానే జరిగిపోతున్న రోజుల్లో ఒక ఇబ్బంది వచ్చిపడింది. కార్తీకమాసం చివర్లో త్రిమూర్తులు రిటైరవుతాడు. యూనిట్టులో సగం ఇంటికి పోతుంది, సగం షెడ్డులో ఉంటుంది. కొత్తగా వచ్చే డ్రైవరు తిన్నటి మనిషైతే, బండితో సహా మొదటిరోజే కాలువలో ఉంటాడు.

అప్పటికి ఆఫీసు కంగారు పడింది. యూనిట్టులోని ఇరు భాగములను విడదీసి, వేర్వేరుగా సరిచేయించాలని నిర్ణయించింది. బండికి చక్రాల ఎలైన్‌మెంటు. త్రిమూర్తులుకి భుజం వైద్యం. బండి ఫైలు సొంత శాఖలోదే కనుక వెంటనే మంజూరైంది. భుజం ఫైలు వేరే శాఖకి వెళ్లింది.

వీరవేణి ఆ కాగితం రెండుసార్లు చదివింది. మర్నాడు పొద్దున్నే చీర మార్చుకుని ఆఫీసుకి వెళ్లి, పరాంకుశరావుగారి బల్ల ముందు నిలబడింది.

"అయ్యగారూ, బండి ముందర బాగైపోతాదంట. ఈయన చెయ్యి తర్వాత బాగవుతాదంట."

"అవునమ్మా. ప్రాధాన్యతా క్రమము."

"బండి ఎడమకి లాగతాందని గదండీ ఈయన చెయ్యి కుడికి పోయింది. బండి లాగడం మానేసిందనుకోండి. ఈ చెయ్యి మానదు గదా. అప్పుడు బండెటెళ్తాదండి?"

పరాంకుశరావుగారు కళ్లజోడు తీశారు. "సరిచేయబడిన వాహనము తిన్నగా వెళ్లును."

"బండి ఎల్తాదండి. తోలేది ఈయన గదా."

"వాహనము గురించి మాట్లాడుచున్నామమ్మా. మనిషి ఫైలు ఇక్కడ లేదు."

"పోనీ, ఈయన చెయ్యి బాగయ్యేదాకా బండినక్కడే ఉంచండి. లేపోతే తిరిగొచ్చేటప్పుడు ఇంకెవరిచేతన్నా తోలించండి బాబూ. మీకు దణ్ణం పెడతాను."

"ఆ వాహనమును ఇతరులు నడపరాదని ఉత్తర్వు ఉన్నదే."

"అది ఎడమకి లాగినప్పుడు గదండీ? బాగయ్యాక కూడానా?"

"బాగైన తరువాత అనే మాట ఉత్తర్వులో లేదమ్మా," అన్నారాయన. కఠినంగా అనలేదు. నిజానికి చాలా ఓర్పుగా చెప్పారు. పక్కన కనకవల్లిగారు కూడా బాధపడి, కుర్చీ లాగి, "కూర్చో అమ్మా, మంచినీళ్లు తాగు," అన్నారు.

వీరవేణి అడగడం వల్ల ఒక మేలు మాత్రం జరిగింది. ప్రయాణంలో భద్రత గురించి ఉపమండలి మొదటిసారి ఆలోచించింది. రిపేరు మంజూరు చేయడమంటే బండి ఎడమకి లాగుతోందని ఒప్పుకున్నట్టే. పట్నానికి వెళ్లేటప్పుడు ఎడమ పక్క కాలువ. లాగుతోందని తెలిసీ కాలువని ఎడమన పెట్టుకుని పంపితే రేపు జవాబు ఎవరు చెప్తారు? తిరిగి వచ్చే దిశలో మాత్రం కాలువ కుడికి వస్తుంది. కుడి పక్క భద్రమైన పక్క అని నిర్ధారణ అయింది. కావున సదరు బండి ముఖము ఎల్లప్పుడూ కార్యాలయము వైపే ఉండవలెను. పట్నము వెళ్లునపుడు దారి పొడవునా వెనుకకు నడుపుకొనుచూ వెళ్లవలెను. తిరిగి వచ్చునపుడు ముందుకు రావచ్చును.

ఇదీ జరిగిన సంగతి. అంచేతనే ఆ బుధవారం పొద్దున పికప్, వీరవేణి ఇంటి ముందు గట్టు మీద, ఎటు వెళ్లాలో దానికి వీపు పెట్టి నిలబడి ఉంది.

పక్కింటి సత్తెమ్మ శకునానికి ఎదురొస్తానని నిండు బిందెతో బయటికొచ్చి, రోడ్డు మధ్యలో తికమకపడి నిలబడిపోయింది. బండి ముందుకొస్తే ఎదురొచ్చినట్టా? వెళ్లేవైపునుంచి వస్తే ఎదురొచ్చినట్టా?

"ముందో, వెనకో ఏదో ఒకటి తేల్చవే వీరేణీ, బిందె బరువుగా ఉంది."

"రెండు పక్కలా రా వదినా."

సత్తెమ్మ ఒకసారి ఇంజను ముందునుంచీ, ఒకసారి వెనక తలుపు దగ్గరనుంచీ వచ్చింది. రెండోసారికి బిందెలో సగం నీళ్లున్నాయి.

త్రిమూర్తులు బండెక్కి సంచిని పక్క సీట్లో పెట్టాడు. దానికి బెల్టు కూడా పెట్టాడు, వీరవేణి చూస్తుందని. "వస్తానే," అన్నాడు.

"మెల్లిగా వచ్చెయ్. చెయ్యి చూసుకో."

రివర్సు గేరులో బండి కదిలింది. వీరవేణి ఇన్నేళ్లలో ఎవరు వెళ్లినా వాళ్ల వీపు చూసింది. వెనకనుంచి పిలవకూడదు గనక నోరు నొక్కుకుని నిలబడేది. ఈసారి వెళ్తున్న మనిషి మొహం తనవైపే ఉంది. అద్దంలోంచి మాటిమాటికీ వెనక్కి చూసుకుంటూ, మధ్యమధ్య తనకేసి చూసి నవ్వుతూ, చిన్నదైపోతూ వెళ్తున్నాడు. పిలిచినా వెనకనుంచి పిలిచినట్టు కాదు. పిలవొచ్చు. "ఏవయ్యా, చెయ్యి," అని ఆవిడ తన కుడి భుజం తట్టి చూపించింది. అతను సంచిలోని పచ్చడి సంగతనుకుని, తెలిసిందన్నట్టు తలూపి, సీసా ఉన్నచోట తట్టి చూపించాడు. రేవు మలుపు తిరిగేదాకా అతని మొహం కనపడుతూనే ఉంది. ఇంట్లో మనిషి వెళ్లాక వెంటనే ఊడవకూడదని వీరవేణి చీపురు మూలన పెట్టేసింది.

పట్నంలో పని నిజంగానే ఓ పూటలో అయిపోయింది. బండిని మిషను మీదెక్కించారు. స్టీరింగుని తిన్నగా బిగించి, చక్రాల వెనకనున్న కడ్డీలు తిప్పి, తెర మీద గీతలు సమానమయ్యేదాకా చూశారు. మధ్యాహ్నం త్రిమూర్తులు ఫోను చేశాడు. గొంతు కుర్రాడి గొంతులా ఉంది.

"వీరేణీ, బండి బాణంలాగెల్తందే. వర్క్‌షాపాయన నన్ను పక్కన కూకోబెట్టుకుని రోడ్డు మీద తోలి, చేతులు రెండూ వదిలేసి చూపించాడు. ఇటు పోలేదు, అటు పోలేదు. గీత గీసినట్టు ఎల్లిపోతంది."

"మరి నువ్వు తోలావా?"

"తోలాను. కొంచెం కుడికి పోయింది. నాకే నవ్వొచ్చింది. అలవాటవుతాదిలే."

వీరవేణి ఫోను రెండు చేతులతో పట్టుకుంది. "నా మాటిను. బండి దానంతటదే తిన్నగా వస్తాదంటన్నావుగా. నువ్వు దాని జోలికెళ్లకు. గట్టు మీద తిన్నటి రోడ్డొచ్చినప్పుడల్లా చేతులు తీసేసి కూకో. మెల్లిగా అదే తీసుకొస్తాది."

త్రిమూర్తులు పెద్దగా నవ్వాడు. "చెయ్యి తీస్తే పింఛనుండదే పిచ్చిదానా. మెమో చదివింది నువ్వే గదా."

"ఎవడు చూస్తాడయ్యా?"

"ఇన్నాళ్లూ తియ్యలేదు. నెలాఖరుకి దిగిపోతాను. ఇప్పుడెందుకు మాటనిపించుకోడం? అన్నం పెట్టుంచు. బయల్దేరతన్నాను."

విచారణ కమిటీ వేశారు. బండిని కాలువలోంచి క్రేనుతో తీయించి, మళ్లీ మిషను మీదెక్కించి చూశారు. చక్రాలు వెంట్రుకవాసి తేడా లేకుండా ఉన్నాయి. వాహనములో ఎట్టి లోపమూ లేదనీ, అది చివరి వరకు స్టీరింగు తిప్పినట్టే నడుచుకున్నదనీ, డ్రైవరు సైతము నిబంధన ప్రకారం స్టీరింగు మీదనుంచి చేయి తీయలేదనీ, కావున పింఛనుకు అభ్యంతరము లేదనీ రాశారు. పరాంకుశరావుగారు ఆ కాగితం స్వయంగా తెచ్చి వీరవేణి చేతికిచ్చారు. ఆయన కళ్లజోడు తీయలేదు. ఆవిడ మొదటినుంచి చివరిదాకా చదివి, మడిచి, మిగతావాటితో పాటు పెట్టింది. భుజం వైద్యానికి మంజూరు ఉత్తర్వు ఆ తర్వాత వచ్చింది. అదీ చదివింది.

బండి తిరిగొచ్చింది. ఇప్పుడు కొత్త డ్రైవరు దాన్ని తిన్నగా నడుపుతున్నాడు. సంచీ తిరిగొచ్చింది. బెల్టు పెట్టి ఉండటం వల్ల సీట్లోంచి కదల్లేదు, పచ్చడి సీసా పగల్లేదు. త్రిమూర్తులు తిరిగి రాలేదు. కార్తీక శుద్ధ దశమి, బుధవారం, దీపాలు పెట్టే వేళ.